కొత్త దేశం ఖజానాకు తాళం ఎవరిది?

1971 నవంబరు 15 నుంచి మన దేశంలో ఉత్తరం వేయాలంటే కవరు మీద మామూలు బిళ్లతో పాటు ఇంకో అయిదు పైసల బిళ్ల అంటించాల్సి వచ్చింది. మద్రాసుకు ఉత్తరాన ఉన్న మన కవరైపేట్టై, గుమ్మిడిపూండి, పొన్నేరి వాళ్లకూ మినహాయింపు లేదు. కొత్త బిళ్ల అచ్చయ్యేదాకా ఆగే వ్యవధి లేక, వాడుకలో ఉన్న అయిదు పైసల కుటుంబ నియంత్రణ బిళ్ల మీదే ‘శరణార్థుల సహాయం’ అన్న ముద్ర వేసి అమ్మారు. డిసెంబరు 1న శరణార్థుల బొమ్మతో వేరే బిళ్ల వచ్చింది. రైలు టికెట్ల మీద, విమానం టికెట్ల మీద కూడా ఇలాంటి పన్నే పడింది. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సరిహద్దు దాటి వచ్చారు. వాళ్లను సాకడం కేంద్రానికి తలకు మించిన భారమైంది. జి.ఎన్.టి. రోడ్డు మన ఊళ్ల మీదుగా కలకత్తా వైపు పోతుందన్న మాటే గానీ, బంగ్లాదేశ్ యుద్ధం ఇక్కడివాళ్లకు పేపర్లలో, రేడియోలో తప్ప ఎదురుపడలేదు. అయినా ఒక కొత్త దేశం పుట్టుక ఖర్చులో ఇక్కడి జనం వాటా కూడా ఉంది.

డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. కొద్ది నెలల్లోనే శరణార్థుల్లో అత్యధికులు వెనక్కి వెళ్లిపోయారు. తపాలా పన్ను మాత్రం 1973 మార్చి 31 దాకా సాగింది. వెళ్లినవాళ్లకు ఊళ్లో ఇల్లు లేదు, పొలంలో ఎద్దు లేదు, దాటడానికి వంతెన లేదు, చేతిలో చెల్లే నోటు లేదు. యుద్ధం ఖర్చు ముగిసి, దేశం నిలబెట్టే ఖర్చు మొదలైంది.

ఆ ఖర్చు ఎవరు పెట్టాలన్న ప్రశ్న బంగ్లాదేశ్‌తో పుట్టలేదు, దానితో ముగియలేదు. రెండు వందల ఏళ్లుగా పోరాటంలోంచి పుట్టిన ప్రతి దేశమూ దాన్ని ఎదుర్కొంది. చర్చ మాత్రం ఎప్పుడూ ఒక్క చోటే తిరుగుతుంది. ఎన్ని కోట్లు కావాలి, ఎవరు ఎంత ఇస్తామన్నారు, ఎంత ఇచ్చారు? ఈ అనుభవాలన్నీ వరసగా పెట్టి చూస్తే అది రెండో ప్రశ్న అని తెలుస్తుంది. ఆ డబ్బు ఎవరి ఖాతా గుండా వెళ్లింది, ఖర్చు మీద ఎవరు సంతకం పెట్టారు, ఆ సంతకానికి లెక్క అడిగే హక్కు ఎవరికి ఉంది అన్నవే మొదట అడగాల్సినవి.

పుట్టుకతోనే నెత్తికెక్కిన బాకీ

ఉమ్మడి కుటుంబం వేరుపడేటప్పుడు ఇత్తడి బిందెలు పంచుకోవడం తేలిక, ప్రామిసరీ నోట్లు పంచుకోవడమే గొడవ. దేశాల పంపకమూ అంతే. స్వాతంత్ర్యం వచ్చిన రోజున జెండాతో పాటు అప్పుల పద్దు కూడా చేతికొస్తుంది.

ఇందులో అందరికంటే ఘోరంగా నష్టపోయింది హైతీ. బానిసలు తిరగబడి, ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి 1804లో స్వతంత్రం ప్రకటించుకున్నారు. 1825లో ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపి, మీ స్వాతంత్ర్యాన్ని గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టండన్నాడు. పోయిన తోటలకూ, చేజారిన బానిసలకూ కలిపి అది పరిహారమట. 1838లో ఆ మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. కట్టడానికి డబ్బు లేక హైతీ ఫ్రెంచి బ్యాంకుల దగ్గరే అప్పు చేసింది. ఆ అప్పుల తాలూకు చివరి చెల్లింపులు 1947 దాకా నడిచాయి. గెలిచినవాడు ఓడినవాడికి పరిహారం కట్టడం లోకంలో ఇంకెక్కడా ఇంత నిస్సిగ్గుగా జరగలేదు. బళ్లకు, రోడ్లకు పోవాల్సిన సొమ్ము శతాబ్దానికి పైగా వడ్డీకి పోయింది.

ఇండోనేషియా కథ దానికి తమ్ముడు లాంటిది. 1949లో హేగ్‌లో జరిగిన రౌండ్ టేబుల్ సమావేశంలో డచ్చివాళ్లు అధికారం వదులుకోవడానికి ఒప్పుకున్నారు గానీ, 430 కోట్ల గిల్డర్ల వలస ప్రభుత్వపు అప్పును కొత్త రిపబ్లిక్ మీద వేశారు. తమను అణచడానికి నడిపిన యుద్ధం ఖర్చును తామే మోయడమేమిటని ఇండోనేషియా ప్రతినిధులు వాదించారు. అంకె కొంత దిగింది, భారం దిగలేదు. చివరికి 1956లో జకార్తా మిగతాది కట్టబోమని తెగేసి చెప్పింది.

అప్పు తెంచడం కూడా పునర్నిర్మాణ సాయమే అనడానికి నమీబియా ఉదాహరణ. 1990లో స్వతంత్రం పొందినప్పుడు ఆ దేశం దక్షిణాఫ్రికా కాలపు అప్పులను మోస్తూనే మొదలైంది. నాలుగేళ్లకు దక్షిణాఫ్రికా వాల్విస్ బే రేవును అప్పగించింది, ఆ వెంటనే వచ్చిన మండేలా ప్రభుత్వం ఆ బాకీని రద్దు చేస్తామని ప్రకటించింది. చెక్కు రాయకుండానే ఒక దేశాన్ని నిలబెట్టవచ్చని అక్కడ తేలింది.

మన ఇంటి లెక్కలు కూడా చూద్దాం. 1947లో ఆస్తులు, అప్పులు భారత్‌కు 82.5 శాతం, పాకిస్తాన్‌కు 17.5 శాతం చొప్పున పంచారు. నగదు నిల్వల్లో పాకిస్తాన్ వాటా 75 కోట్ల రూపాయలని తేలింది. అందులో 20 కోట్లు ముందే ఇచ్చారు. మిగతా 55 కోట్లను కాశ్మీర్ యుద్ధం తేలేదాకా ఆపాలని ఢిల్లీ అనుకుంది. 1948 జనవరి 13న గాంధీజీ నిరాహార దీక్షకు కూర్చున్నారు, 15న కేంద్రం ఆ డబ్బు విడుదల చేయడానికి నిర్ణయించింది. ఈ భాగం అందరికీ తెలిసిందే. తక్కువమందికి తెలిసినది రెండో వైపు పద్దు. విభజనకు ముందరి ప్రభుత్వ రుణం మొత్తాన్ని బయటివాళ్లకు చెల్లించే బాధ్యత భారత్ తీసుకుంది. తన వాటాను పాకిస్తాన్ 1952 నుంచి 50 వాయిదాల్లో భారత్‌కు కట్టాలని ఒప్పందం. ఒక్క వాయిదా కూడా రాలేదు. ‘విభజనకు ముందరి అప్పులో పాకిస్తాన్ నుంచి రావలసిన వాటా 300 కోట్లు’ అన్న పంక్తి మాత్రం దశాబ్దాల పాటు మన బడ్జెట్ పత్రాల్లో అచ్చవుతూనే వచ్చింది.

అప్పుడు పంచుకున్న పాకిస్తాన్ 1971లో తానే పంచాల్సి వచ్చేసరికి మాట మార్చింది. ఉమ్మడి విదేశీ మారక నిల్వలు, విమానాలు, ఓడలు, బ్యాంకు డిపాజిట్లలో తమ వాటా ఇమ్మని బంగ్లాదేశ్ అడిగింది. 1974 జూన్‌లో పాకిస్తాన్ ప్రధాని భుట్టో ఢాకా వెళ్లినప్పుడు ఈ సంగతి మాట్లాడుకున్నారు, తేల్చుకోలేదు. 2025 ఏప్రిల్‌లో ఇరు దేశాల విదేశాంగ కార్యదర్శులు కూర్చున్నప్పుడు కూడా ఢాకా 400 కోట్ల డాలర్లకు పైగా బాకీ ఉందని గుర్తు చేసింది. ఆస్తి వాటా రాకపోయినా అప్పు వాటా మాత్రం తప్పలేదు. పాకిస్తాన్ కాలంలో తన గడ్డ మీద కట్టిన ప్రాజెక్టుల రుణాన్ని ఒప్పుకుంటే తప్ప అప్పిచ్చే దేశాలు కొత్త సాయానికి ముందుకు రాలేదు.

విరిగిన వంతెన, పేలని మందుపాతరలు

1972 జనవరిలో ఢాకా ప్రభుత్వం చూసిన దృశ్యాన్ని అంకెల్లో కంటే వస్తువుల్లో చెప్పుకోవడం మంచిది. పాక్షీ దగ్గర పద్మా నది మీద 1915లో కట్టిన హార్డింజ్ వంతెన ఉంది. ఉత్తర బెంగాల్‌ను మిగతా దేశంతో కలిపే రైలు దారి అదే. యుద్ధంలో బాంబు దెబ్బకు దాని ఉక్కు స్పాన్ ఒకటి నదిలో పడిపోయింది. భైరవ్ బజార్ దగ్గర మేఘనా మీది రైలు వంతెనా విరిగింది. చిట్టగాంగ్ రేవులో మునిగిన ఓడలు, నీటి కింద మందుపాతరలు. ధాన్యం పంపిస్తామన్న దేశాలున్నా ఓడ ఆగే చోటు లేదు, దింపిన ధాన్యం ఊళ్లకు చేరే దారి లేదు. సాయం దొరకడం వేరు, దాన్ని అందుకునే వసతి ఉండటం వేరు.

ఈ మొదటి ఏడాదిలో పని జరిగిన తీరు గమనించదగ్గది. భారత రైల్వే ఇంజనీర్ల సాయంతో హార్డింజ్ వంతెన మీద 1972 అక్టోబరులో మళ్లీ రైలు నడిచింది. చిట్టగాంగ్ రేవును సోవియట్ నౌకాదళం 1972 నుంచి 1974 దాకా శుభ్రం చేసింది. ఐక్యరాజ్యసమితి ఢాకాలో ప్రత్యేక సహాయ కార్యాలయం తెరిచింది. అప్పటిదాకా ఆ సంస్థ చేపట్టిన అతి పెద్ద సహాయ కార్యక్రమాల్లో అది ఒకటి. ఇవన్నీ గుర్తుపట్టగల పనులు. వంతెన లేచిందా లేదా, ఓడ ఆగిందా లేదా అని ఎవరైనా వెళ్లి చూడొచ్చు. యుద్ధం ముగిసిన తొలి నెలల్లో సాయం ఇలా వస్తువుగా రావడమే నయం. డబ్బుగా వస్తే దాన్ని పట్టుకునే కార్యాలయమే అప్పటికి లేదు.

నోట్ల సంగతి కాస్త తిరకాసుగా నడిచింది. సొంత ముద్రణాలయం లేక తొలి టాకా నోట్లను మన నాసిక్‌లోనే అచ్చు వేయించారు. 1972 మార్చి 4న అవి చలామణిలోకి వచ్చాయి. అంతకు పాతికేళ్ల ముందు ‘పాకిస్తాన్ ప్రభుత్వం’ అన్న ముద్రతో తొలి పాకిస్తానీ నోట్లు అచ్చయిందీ నాసిక్‌లోనే. 1948 జులై 1న సొంత కేంద్ర బ్యాంకు తెరిచేదాకా పాకిస్తాన్‌కు మన రిజర్వు బ్యాంకే కేంద్ర బ్యాంకుగా పనిచేసింది. అయితే ఢాకాలో త్వరలోనే పుకారు లేచింది, భారత్ అదనంగా నోట్లు గుద్ది వదులుతోందని. ధరలు పెరిగేకొద్దీ పుకారుకు బలం వచ్చింది. కొద్ది కాలానికే ఆ నోట్లను వెనక్కి తీసుకుని వేరే చోట అచ్చు వేయించుకున్నారు. సాయం నిజాయితీగానే అందినా, మీట తమ చేతిలో లేదన్న అనుమానం జనంలో పుడితే ఆ సాయానికి విలువ పడిపోతుంది.

ప్రజల విరాళాల కథలోనూ ఇలాంటి మడత పేచీ ఉంది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో పండిట్ రవిశంకర్, జార్జ్ హారిసన్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ పెట్టారు. ఒక్క రోజులో రెండు ప్రదర్శనలకు వచ్చిన దాదాపు రెండున్నర లక్షల డాలర్లు యునిసెఫ్‌కు వెళ్లాయి. ఆ తర్వాత వచ్చిన రికార్డులు, సినిమా అంతకు ఎన్నో రెట్లు సంపాదించాయి. కానీ పన్ను మినహాయింపుకు ముందే ఏర్పాటు చేసుకోకపోవడంతో ఆ సొమ్ములో పెద్ద భాగం అమెరికా ఆదాయపు పన్ను శాఖ దగ్గర ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది. ఉద్దేశం ఎంత గొప్పదైనా కాగితాలు సరిగా లేకపోతే డబ్బు కదలదు. లోకంలో ఆనాటికి అంతమంది మనసు కరిగించిన విరాళంలో ఎక్కువ భాగం అవసరం మీద ఉన్నవాళ్లకు అవసరం తీరాక అందింది.

ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది

1974 బంగ్లాదేశ్ సాయం తీసుకోవడంలోని రెండో పాఠం నేర్చుకున్న సంవత్సరం. ఆ ఏడు వరదలు వచ్చాయి, బియ్యం ధర చుక్కలనంటింది. అమెరికా నుంచి రావలసిన ధాన్యం మీదే ఢాకా ఆశ పెట్టుకుంది. అదే సమయంలో బంగ్లాదేశ్ క్యూబాకు గోనె సంచులు అమ్మింది. క్యూబాతో వ్యాపారం చేసే దేశానికి రాయితీ ధాన్యం ఇవ్వడం మా చట్టం ఒప్పుకోదని వాషింగ్టన్ అడ్డం తిరిగింది. ఢాకా ఆ అమ్మకాలు ఆపాక గానీ దారి తెరుచుకోలేదు. ధాన్యం ఓడలు వచ్చేసరికి కరవు చేయాల్సిందంతా చేసేసింది. చావులు వేలల్లో అని ప్రభుత్వం ఒప్పుకుంటే, పరిశోధకులు లక్షల్లో లెక్క కట్టారు. జనపనార తప్ప అమ్ముకోవడానికి ఏమీ లేని దేశం ఆ జనపనారను ఎవరికి అమ్మాలో కూడా ఇంకొకరు శాసించారు. అదే ఏడాది అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో బంగ్లాదేశ్‌కు సాయమిచ్చే దేశాల బృందం ఏర్పడింది. అక్కడి నుంచి చాలా ఏళ్లు ఆ దేశపు అభివృద్ధి పనుల జాబితా ఢాకాలో సగం, పారిస్‌లో సగం తయారైంది.

దీనికి సమాంతరంగా ఇంకో దారి కూడా తెరుచుకుంది. ఫజ్లే హసన్ అబేద్ అనే చమురు కంపెనీ ఉద్యోగి లండన్‌లోని తన ఫ్లాట్ అమ్మేసి, 1972లో సిల్హెట్ ప్రాంతపు సుల్లా గ్రామాల్లో ఇళ్లు కట్టే పని మొదలుపెట్టాడు. అదే బ్రాక్ సంస్థ. తర్వాత ప్రపంచంలోనే అతి పెద్ద స్వచ్ఛంద సంస్థల్లో ఒకటైంది. ప్రభుత్వం చేరలేని గడపలకు ఇలాంటి సంస్థలు చేరాయి, ప్రాణాలు నిలిపాయి. కానీ అవి ఎంత పెద్దవైనా ఓటు వేసి దించగలిగేవి కావు. దాతకు నివేదిక ఇస్తాయి, ఊరికి ఇవ్వాలన్న నిర్బంధం లేదు. కొత్త దేశాల్లో స్వచ్ఛంద సంస్థల పాత్రను మెచ్చుకునేవాళ్లు ఈ తేడాను మరవకూడదు.

దొరల జీతాలకు పోయిన సాయం

తూర్పు తిమోర్‌కు ప్రపంచం నిండు మనసుతోనే సాయం చేసింది. 1999 ఆగస్టు 30 జనాభిప్రాయ సేకరణలో 78.5 శాతం మంది ఇండోనేషియా నుంచి విడిపోవాలని ఓటేశారు. ఫలితం రాగానే మిలీషియాలు ఊళ్లకు ఊళ్లు తగలబెట్టాయి. కట్టడాల్లో మూడింట రెండొంతులకు పైగా నాశనమయ్యాయి. ఆ డిసెంబరులో టోక్యోలో కూర్చున్న దాతలు 50 కోట్ల డాలర్లకు పైగా ఇస్తామన్నారు. తిమోర్ జనాభా అప్పటికి పది లక్షలు కూడా లేదు. తలసరి చూస్తే ఇంత ఉదారమైన సాయం అరుదు.

ఆ డబ్బుకు రెండు దారులు. ఒకటి ఐక్యరాజ్యసమితి తాత్కాలిక ప్రభుత్వం. 1999 అక్టోబరు నుంచి 2002 మే 20న స్వాతంత్ర్యం వచ్చేదాకా చట్టం చేసేదీ, పన్ను వేసేదీ, తీర్పు చెప్పేదీ అదే. దాని బడ్జెట్‌లో పెద్ద భాగం విదేశీ సిబ్బంది జీతభత్యాలకు, వాహనాలకు, వసతికి పోయింది. దిలీ తీరంలో ఓడ హోటళ్లు వెలిశాయి. తగలబడిన బడి పక్కనుంచే తెల్ల జీపులు పోయేవి. పరిపాలన నేర్చుకోవాల్సిన తిమోర్ యువకులు దుభాషీలుగా, డ్రైవర్లుగా మిగిలారు.

రెండోది ప్రపంచ బ్యాంకు నిర్వహించిన ఉమ్మడి నిధి. అందులో ఒక పథకం ఊరి మండలికే గ్రాంటు ఇచ్చింది. మండలిలో ఆడవాళ్లు, మగవాళ్లు సమానంగా ఉండాలి. నీటి కుళాయా, బడి కప్పా, రోడ్డా అన్నది ఊరే తేల్చుకోవాలి. లోపాలు దానిలోనూ ఉన్నాయి. ఊరి పెద్దల మాటను పక్కన పెట్టి కొత్త మండలిని నిలబెట్టడం చాలాచోట్ల పొసగలేదు. అయినా సంతకం ఊళ్లోనే జరిగింది కాబట్టి తగాదా కూడా ఊళ్లోనే జరిగింది. లెక్క అడగడం అలవాటయ్యేది అలాంటి తగాదాల్లోనే.

తర్వాత తిమోర్‌కు సముద్రపు చమురు కలిసొచ్చింది. 2005లో నార్వే తరహాలో పెట్రోలియం నిధి పెట్టి, ఏటా సంపదలో 3 శాతమే తీసుకోవాలని నియమం రాసుకున్నారు. ఆ నియమాన్ని దాటి తీయడం చాలా ఏళ్లుగా మామూలైపోయింది, చమురు బావేమో ఎండిపోయింది. అయినా నిధిలో ఎంత ఉంది, ఏటా ఎంత తీశారు అన్నది దేశంలో ఎవరైనా చదవగలిగేలా అచ్చవుతుంది. ఆ ఒక్క అలవాటే తిమోర్‌ను దక్షిణ సూడాన్ నుంచి వేరు చేసింది.

తాళం చేతికొచ్చినా

సొంత ఖాతాలో డబ్బు పడితే చాలు, దేశం బాగుపడుతుంది అనుకునేవాళ్లు దక్షిణ సూడాన్‌ను చూడాలి. 2011 జులై 9న పుట్టిన ఈ దేశానికి ప్రభుత్వాదాయంలో 98 శాతం దాకా చమురు నుంచే. దాతల దయ మీద ఆధారపడాల్సిన పని లేదు. కానీ చమురు బయటికి వెళ్లే గొట్టం, విడిపోయిన సూడాన్ గుండానే పోతుంది. రవాణా రుసుం దగ్గర తేడా వచ్చి, 2012 జనవరిలో జుబా ప్రభుత్వం తన చమురు తానే ఆపేసుకుంది. 2013 ఏప్రిల్ దాకా ఆదాయం దాదాపు సున్నా. రాజీ ఒప్పందంలో రవాణా రుసుంతో పాటు సూడాన్‌కు 300 కోట్ల డాలర్ల పైచిలుకు పరిహారం కూడా పడింది. ఆ ప్రాంతపు చమురులో మన ఓఎన్‌జీసీ విదేశ్ పెట్టుబడి కూడా ఉంది కాబట్టి ఆ గొట్టం మూసుకుపోవడం మనకూ తగిలింది.

గొట్టం కంటే పెద్ద చిల్లు ఇంట్లోనే ఉంది. 2012లో అధ్యక్షుడు సల్వా కీర్ తన ప్రస్తుత, మాజీ అధికారులకే ఉత్తరాలు రాశాడు: 400 కోట్ల డాలర్లు లెక్క తేలడం లేదు, తిన్నవాళ్లు తిరిగి కట్టండని. 2013 డిసెంబరులో అంతర్యుద్ధం మొదలైంది. ఖజానా జనం పన్నుతో నిండనప్పుడు పాలకుడికి జనంతో పని ఉండదు. చమురైనా, విదేశీ గ్రాంటైనా ఈ విషయంలో ఒకటే. రెండూ పన్ను కట్టేవాడిని లెక్కలోంచి తీసేస్తాయి.

దీనికి సరిగ్గా ఎదురు దారి ఎరిట్రియాది. ముప్ఫై ఏళ్ల పోరాటం తర్వాత 1993లో స్వతంత్రం వచ్చాక, విదేశాల్లో ఉన్న ఎరిట్రియన్లంతా ఆదాయంలో 2 శాతం పునర్నిర్మాణ పన్ను కట్టాలన్నారు. యుద్ధంలో ధ్వంసమైన మస్సావా–అస్మారా రైలు మార్గాన్ని విదేశీ కంపెనీలకు అప్పగించలేదు. డెబ్భై ఏళ్ల రిటైర్డు రైల్వే కార్మికులను మళ్లీ పిలిపించి, బంకర్లకు కప్పుగా వాడిన పట్టాలను ఏరుకొచ్చి, పాత ఆవిరి ఇంజన్లను బాగు చేయించి కొండ మీదికి నడిపారు. ఆ పట్టుదలను ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. కానీ ఎన్నికల్లేని దేశంలో 2 శాతం పన్ను క్రమంగా ప్రవాసుల మెడకు ఉరైంది. పాస్‌పోర్టు కావాలన్నా, ఊళ్లో స్థలం కొనాలన్నా ఆ పన్ను రసీదు చూపాలి. దాని వసూలు తీరును, వాడకాన్ని 2011లో భద్రతా మండలే తప్పుపట్టింది. జనం కట్టారు, జనానికి లెక్క చెప్పలేదు. సగం దారి నడిచి ఆగిపోవడమంటే ఇదే.

మన సరిహద్దులో చిన్న ఎత్తున

దేశం కాకపోయినా, ఒక పాలన విడిపోయి రెండైనప్పుడు ఏమవుతుందో కవరైపేట్టై చుట్టుపక్కల తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు నగరం దక్కలేదు. కర్నూలులో గుడారాల్లో ఆఫీసులు పెట్టుకుని ప్రకాశం ప్రభుత్వం పని మొదలుపెట్టింది. తర్వాత సరిహద్దు తగాదా మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. పాత పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల్లో కొన్ని ఊళ్లు ఆంధ్రకు వెళ్లాయి, సత్యవేడు అలా వెళ్లిందే. గీత అటూ ఇటూ జరిగినప్పుడల్లా చెరువు మరమ్మతు ఎవరిది, శిస్తు బకాయి ఎవరికి, పంతులు గారి పెన్షన్ ఎవరిస్తారు అన్న ప్రశ్నలు వెంట వచ్చాయి.

2014లో అదే తంతు పెద్ద ఎత్తున జరిగింది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలో అప్పులను జనాభా నిష్పత్తిలో, అంటే ఆంధ్రకు 58.32, తెలంగాణకు 41.68 శాతాలుగా పంచారు. పన్ను బకాయిలు మాత్రం ఆస్తి ఎక్కడుంటే ఆ రాష్ట్రానికే అన్నారు. వాపసు చెల్లించాల్సినవి మళ్లీ జనాభా లెక్క ప్రకారం. కంపెనీల కార్యాలయాలు ఎక్కువగా హైదరాబాద్‌లో ఉన్నాయి కనుక వచ్చేది ఒకరికి, ఇచ్చేది ఇద్దరికీ అయిందని విజయవాడ వాదన. తొమ్మిదో షెడ్యూలులోని 91 సంస్థలు, పదో షెడ్యూలులోని 142 సంస్థల పంపకం పదేళ్లు దాటినా పూర్తి కాలేదు. ఒక్క పార్లమెంటు, ఒక్క సుప్రీంకోర్టు, ఒక్క రిజర్వు బ్యాంకు ఉన్న చోటే ఇంత చిక్కు ఉంటే, నిన్నటిదాకా తుపాకులు పేల్చుకున్న రెండు దేశాల మధ్య ఎంతుంటుందో ఊహించుకోవచ్చు.

రాజధాని డబ్బు కథ కూడా ఇదే పాఠం చెబుతుంది. అమరావతికి ఇవ్వదలచిన 30 కోట్ల డాలర్ల రుణం నుంచి ప్రపంచ బ్యాంకు 2019 జులైలో తప్పుకుంది. 2024 డిసెంబరులో మళ్లీ వచ్చి 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది, ఆసియా అభివృద్ధి బ్యాంకు దాదాపు అంతే ఇచ్చింది. ప్రభుత్వం మారితే రుణం పోతుంది, మళ్లీ మారితే వస్తుంది. మధ్యలో సగం లేచిన గోడలు వానకు నానాయి. అప్పు మీద కట్టే ఊరికి పునాది అప్పిచ్చేవాడి మనసు కాకూడదు.

కవరైపేట్టైకి కూతవేటు దూరంలోని గుమ్మిడిపూండిలో శ్రీలంక తమిళ శరణార్థుల పెద్ద శిబిరం ఉంది. వాళ్లు వదిలి వచ్చిన ఉత్తర శ్రీలంక కొత్త దేశం కాలేదు గానీ, యుద్ధం తర్వాతి కట్టుబడి పనికి అక్కడొక మంచి నమూనా దొరుకుతుంది. 2010లో భారత్ ప్రకటించిన 50,000 ఇళ్ల పథకంలో ఎక్కువ భాగం ఇళ్లను కాంట్రాక్టర్లకు ఇవ్వలేదు. ఒక్కో ఇంటికి 5.5 లక్షల శ్రీలంక రూపాయలను, పునాది లేచాక కొంత, గోడ లేచాక కొంత, కప్పు పడ్డాక కొంత అన్న పద్ధతిలో ఇంటివాళ్ల బ్యాంకు ఖాతాకే వేశారు. మేస్త్రీని పెట్టుకున్నదీ, ఇసుక బేరమాడిందీ ఇల్లుగలావిడే. ఇసుకలో మోసం జరిగితే ఆమె కళ్లు కప్పడం కష్టం. కాంట్రాక్టరు కట్టిన ఇంట్లో గోడ బీటలిస్తే ఎవరిని అడగాలో తెలియదు. ఇక్కడ ఆ సందేహమే లేదు.

ఒకే నది మీద రెండు వంతెనలు

ఇన్ని అనుభవాలు తిరగేశాక తేలేది ఇది. పుట్టిన తొలి ఏడాదిలో బయటి సాయం తప్పదు, సిగ్గుపడాల్సిందీ కాదు. అది వంతెనగా, రేవుగా, ధాన్యంగా వస్తే మంచిది. రెండో ఏడాది నుంచి డబ్బు ఆ దేశపు సొంత బడ్జెట్ గుండా పోవాలి, లేదా ఊరి ఖాతా గుండా పోవాలి. దాతల ఆఫీసు గుండా పోయే ప్రతి రూపాయీ ఒక గుమస్తాకు పని నేర్పే అవకాశాన్ని తినేస్తుంది. పాత అప్పును కొత్త సాయానికి షరతుగా పెట్టడం హైతీ నాటి అలవాటు, అది పోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎంత చిన్నదైనా జనం కట్టే పన్ను ఒకటి ఉండాలి. దాని లెక్క జనానికి అందాలి. పన్ను ఉండి లెక్క లేకపోతే ఎరిట్రియా, రెండూ లేకపోతే దక్షిణ సూడాన్.

ఈ మాటకు గట్టి సాక్ష్యం మళ్లీ పద్మా నది మీదే దొరుకుతుంది. 1972లో ఇతరుల చేతి సాయంతో హార్డింజ్ వంతెన లేచింది. నలభై ఏళ్ల తర్వాత అదే నది మీద మావా దగ్గర కొత్త వంతెనకు ప్రపంచ బ్యాంకు 120 కోట్ల డాలర్ల రుణం ఇస్తానని చెప్పి, అవినీతి ఆరోపణలతో 2012 జూన్‌లో రద్దు చేసుకుంది. ఢాకా సొంత డబ్బుతో కట్టుకుంటానంది. 2022 జూన్ 25న పద్మా వంతెన తెరుచుకుంది. ఆ ఆరోపణల మీద నడిచిన కేసును 2017లో కెనడా కోర్టు కొట్టేసింది. అయితే పదివేల కోట్ల టాకాల అంచనాతో మొదలైన వంతెన ముప్ఫైవేల కోట్లు దాటింది. ఎందుకు దాటిందని అడగడం ఇప్పుడు బంగ్లాదేశ్ పౌరుడి పని, వాషింగ్టన్‌లో కూర్చున్న అధికారి పని కాదు. యాభై ఏళ్లలో ఆ దేశం సంపాదించుకున్నది ఆ ప్రశ్న మీది హక్కు.

ఈ పరీక్ష మళ్లీ రాబోతోంది. పాపువా న్యూగినీలోని బూగన్‌విల్ దీవిలో పదేళ్ల అంతర్యుద్ధం తర్వాత 2019లో జరిగిన ఓటింగులో 97.7 శాతం మంది స్వాతంత్ర్యం కోరుకున్నారు. 2027 సెప్టెంబరు 1న దేశంగా నిలవాలని అక్కడి నాయకులు గురి పెట్టుకున్నారు. ఖర్చుకు దారేదంటే, 1989లో మూతపడిన పాంగునా రాగి గనిని చూపిస్తున్నారు. ఆ యుద్ధం మొదలైందే ఆ గని వల్ల, దాని లాభంలో ఊరివాళ్లకు దక్కింది స్వల్పం కావడం వల్ల. గని తెరుస్తారా లేదా అన్నది వాళ్ల ఇష్టం. తెరిస్తే మాత్రం తొలి టన్ను రాగి ఓడెక్కే ముందే, ఏ ఖాతాలో ఎంత పడుతుందో, దాన్ని ఏ ఊరి పెద్ద ఎప్పుడు తనిఖీ చేయొచ్చో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. దాతల సభలో హామీల జాబితా ఆ తర్వాత చదువుకోవచ్చు.